ముత్యాలక్క రాసిన పరీక్షలు

పదో తరగతి తప్పడం కూడా ఒక అర్హతేనని ముత్యాలక్కకు ముప్పై ఆరో ఏట తెలిసింది.

ఆమె మందుల షాపులో పనిచేసేది. కౌంటరు వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని, మాత్రలు చిన్న కాగితం కవర్లలో వేసి, పైన నీలం పెన్నుతో "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్న తర్వాత" అని రాసిచ్చేది. డాక్టర్ల గీతలు అర్థం కాక విసిగిపోయిన ముసలివాళ్లకు ఆ గుండ్రటి అక్షరాలంటే ఎంత ముద్దంటే, మందు అయిపోయినా కవరు పారేసేవాళ్లు కాదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని ఎవరో అన్నారు, అదే పేరైపోయింది. అసలు పేరు హాజరు పుస్తకంలో మాత్రమే మిగిలింది.

ఒకరోజు మధ్యాహ్నం చూపులేని పిల్లల హాస్టలు నడిపే టీచరమ్మ ఆయాసపడుతూ షాపులోకి వచ్చింది. మందుల కోసం కాదు.

"ముత్యాలక్కా, మీరే నన్ను గట్టెక్కించాలి. రేపు పొద్దున మా పిల్లవాడికి డిగ్రీ పరీక్ష. వాడు చెబుతుంటే రాసిపెట్టాల్సిన మనిషికి కామెర్లు వచ్చాయి."

"నేనా? నేను పదో తరగతే తప్పానండీ!"

"అందుకే కదా మీ దగ్గరికి వచ్చింది! పరీక్ష రాసేవాళ్లకంటే తక్కువ చదువుకున్నవాళ్లే రాసిపెట్టాలని రూలు. ఎక్కువ చదివినవాళ్లయితే మధ్యలో సొంత తెలివి కలుపుతారట."

షాపు ఓనరు పేపరు మీంచి తల ఎత్తకుండానే, "వెళ్లమ్మా, పుణ్యం వస్తుంది," అన్నాడు. ఆ పుణ్యంలో వాటా ఆయనకే దక్కుతుందన్నంత ధీమాగా అన్నాడు.

ముత్యాలక్కకు పరీక్ష అన్న మాట వింటేనే అరచేతులు చల్లబడతాయి. అయినా ఒప్పుకుంది. ధైర్యం ఉండి కాదు, కాదనడానికి ధైర్యం లేక.

ఆ చల్లదనం పాతది. చిన్నప్పుడు వాళ్ల నాన్న రోజూ సాయంత్రం ఆమెను గోడకు ఆనించి నిలబెట్టి పాఠం అప్పజెప్పించుకునేవాడు. ఒక్క మాట తడబడితే చాలు, "మళ్లీ మొదటినుంచి," అనేవాడు. కొట్టేవాడు కాదు. ఆ రెండు మాటలే అనేవాడు. పదోసారి కూడా అదే గొంతుతో, కోపం లేకుండా అనేవాడు. అందుకని ఆమెకు ఏ పాఠమైనా మొదటినుంచే వచ్చేది. మధ్యలో అడిగితే నోరు పెగిలేది కాదు. పదో తరగతి సైన్సు పరీక్షలో మొదటి జవాబు మొదటి మాట గుర్తు రాలేదు. తలుపు గొళ్లెం పడ్డట్టయింది. లోపల అంతా ఉందని తెలుసు, లోపలికి వెళ్లే దారి మాత్రం లేదు. మూడు గంటలూ తెల్ల కాగితం ముందు కూర్చుని, దాని మీద హాల్‌టికెట్టు నంబరు ఒక్కటి రాసి, లేచి వచ్చింది. నాన్న నలభై రోజులు ఆమెతో మాట్లాడలేదు. నలభై ఒకటో రోజున, "ఇంక చాల్లే," అన్నాడు. ఆమె చదువుకు అదే చివరి మాట.

అలాంటి మనిషి మళ్లీ పరీక్ష గదిలో కాలు పెట్టింది. బల్ల ముందు కూర్చుంది. పక్క కుర్చీలో కూర్చున్న కుర్రవాడు మాత్రం గంట మోగగానే, "రాయండక్కా," అని మొదలుపెట్టాడు. పాఠాలన్నీ రికార్డు చేసుకుని విని విని బట్టీ పట్టినవాడు. కామా, ఫుల్‌స్టాప్, "కొత్త పేరా" అనే మాటలతో సహా కుళాయి విప్పినట్టు చెప్పుకుపోయాడు. హాస్టల్లో అతన్ని టేపురికార్డరు అంటారట. ఆమె చెయ్యి పడిపోయేలా రాసింది. అతనికి నూటికి ఎనభై రెండు వచ్చాయి. టీచరమ్మ స్వీటు డబ్బా తెచ్చి షాపులో అందరికీ పంచింది.

అప్పటినుంచి ప్రతి ఏడాదీ పిలుపు వచ్చేది. వెళ్లే ముందు రోజు ఆమెకు అన్నం దిగేది కాదు. టైర్ల షాపులో పనిచేసే భర్త నవ్వేవాడు. "పరీక్ష వాళ్లది, జ్వరం నీదీనా? ప్రశ్నకు జవాబు రాకపోతే నిన్నేమైనా అడుగుతారా?" అనేవాడు. అడగరు. అయినా ఒక అక్షరం తప్పు పడితే, ఒక అంకె తారుమారైతే, ఎదుటివాళ్ల ఏడాదంతా తన వేళ్ల సందుల్లోంచి జారిపోతుందని ఆమె వణికేది. మందు కవరు మీద "ఒకటి" అనాల్సిన చోట "రెండు" అని రాసినంత ప్రమాదం అనిపించేది.

అలా రాస్తూ రాస్తూ ఆమె ఒక వింత గమనించింది. మనుషులు జవాబు చెప్పడం ఒకలాగే ఉన్నా, జవాబు వెతుక్కోవడం ఒకలాగ ఉండదు. ఒకమ్మాయి లెక్క చెప్పే ముందు అరచేతిలో వేలితో గీసుకునేది. ఒకాయన ముందు తప్పు జవాబు చెప్పి, దాన్ని తిట్టి, అప్పుడు ఒప్పుకి వచ్చేవాడు. "కొట్టేయండి, అదంతా కొట్టేయండి," అనేవాడు హుషారుగా. కొట్టివేతలు చూసి ముత్యాలక్కకే ప్రాణం ఉసూరుమనేది.

నాలుగో ఏడు ఆమెకు ఒక పిల్ల దొరికింది. డిగ్రీ మొదటి సంవత్సరం. హాస్టల్లో పేరు ఎందుకమ్మ. అన్నం ఎందుకు మెత్తబడిందో, గంట ఎందుకు రెండుసార్లు మోగిందో, అన్నీ కావాలి ఆ పిల్లకు. జవాబు చెప్పే తీరూ అంతే. చివరినుంచి పట్టుకునేది. "ఇలా అయింది, రాయండి. ఎందుకైంది? దీనివల్ల. అది ఎందుకు?" అంటూ వెనక్కి వెనక్కి నడిచేది. వింటుంటే ముత్యాలక్కకు కథ విన్నట్టుండేది. తనకెప్పుడూ బోధపడని సంగతులు ఆ పిల్ల నోట వింటుంటే ఇట్టే బోధపడేవి. కాని టైము చాలేది కాదు. ఆరు ప్రశ్నలకు నాలుగే అయ్యేవి. ఆ ఏడు భూగోళంలో ముప్పై ఒకటి వచ్చి తప్పింది.

ఫలితాలు వచ్చిన రోజు ఆ పిల్ల కర్ర తాటించుకుంటూ షాపుకి వచ్చి స్టూలు పక్కన నిలబడింది. ముఖం వాడిపోయి ఉంది.

"ఏం చేయమంటారక్కా? పాయింట్లు లేవట. తిరుగుడు సమాధానాలట."

ముత్యాలక్క గుండె తరుక్కుపోయింది. ఆ కరిగిన గుండెతోనే ఒక మాట అంది. "నా మాట విను తల్లీ. ఆ ఎందుకులన్నీ పక్కన పెట్టు. టేపురికార్డరు లాగ వరసగా బట్టీ పట్టేయ్. మొదటినుంచి చివరిదాకా. గట్టెక్కుతావు."

"నాకు అలా రాదక్కా."

"వస్తుంది. రోజూ అప్పజెప్పుకో. తప్పితే మళ్లీ మొదటినుంచి."

ఆ మాట నోట్లోంచి వచ్చాక అది ఎవరి మాటో ఆమెకు తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. పిల్ల మళ్లీ తప్పుతుందేమోనన్న భయం ముందు ఇంకేదీ నిలబడలేదు.

ఏడాది తిరిగింది. మళ్లీ భూగోళం పరీక్ష. పైకి చెప్పి రాయించే పరీక్ష కనుక మిగతావాళ్లకు ఇబ్బంది లేకుండా వాళ్లిద్దరికీ వేరే గది ఇచ్చారు. సైన్సు సామాను పెట్టుకునే గది అది. ఒక పక్క అలమరాలో గాజు గొట్టాలు, ఇంకో పక్క గోడకు మనిషి ఎముకల పటం. కిటికీ పక్క కుర్చీలో కాపలాకి ఒక ఇన్విజిలేటరు. దగ్గు మనిషి. దగ్గినప్పుడల్లా సారీ చెప్పేవాడు.

మొదటి మూడు ప్రశ్నలూ నల్లేరు మీద బండిలా నడిచాయి. ఎందుకమ్మ వేళ్లు మడుచుకుంటూ పాయింట్లు చెప్పింది, ఒకటి, రెండు, మూడు. గొంతులో జీవం లేదు కాని తడబాటూ లేదు. ముత్యాలక్క ఊపిరి పీల్చుకుంది. నాలుగో ప్రశ్న చదివి వినిపించింది.

"నది సముద్రంలో కలిసే చోట డెల్టా ఎలా ఏర్పడుతుందో వివరించండి."

"ఎనిమిది పాయింట్లు," అంది పిల్ల. బొటనవేలు మడిచింది. "ఒకటి. నది కొండల్లోంచి మట్టిని మోసుకొస్తుంది. రెండు. మైదానంలోకి వచ్చాక నది నెమ్మదిస్తుంది. మూడు..."

ముత్యాలక్క మూడు వేసి, చుక్క పెట్టి, ఆగింది.

పిల్ల వేలు మడవబోయి మధ్యలో ఆపేసింది. "మూడు," అంది మళ్లీ. తర్వాత, "ఆగండి, మొదటినుంచి వస్తాను," అంది. పెదవులు కదిలించుకుంటూ ఒకటి, రెండు దాటి మూడు దగ్గరికి వచ్చింది. అక్కడ మళ్లీ ఆగింది. ఇంకోసారి వెనక్కి వెళ్లింది. నుదుటి మీద చెమట పట్టింది. గడియారంలో పెద్ద ముల్లు పావుగంట జరిగింది. ఆ తర్వాత ఆమె వేళ్లన్నీ విప్పి చేతులు ఒళ్లో పెట్టేసుకుంది.

ఆ కూర్చున్న తీరు ముత్యాలక్కకు తెలుసు. ఆ చేతులు తెలుసు. ఈ గొళ్లెం వేసింది నేనే, అనుకుంది. పిల్ల తన దారిన తాను వస్తుంటే చెయ్యి పట్టుకుని ఈ గోడ దగ్గరికి తెచ్చింది నేనే.

రూలు ప్రకారం ఆమె చేయగలిగింది రెండే. ప్రశ్న చదవవచ్చు, రాసింది చదవవచ్చు. ప్రశ్న చదివింది. పిల్ల కదల్లేదు. రాసిన రెండు పాయింట్లూ చదివింది. మళ్లీ ఇంకోసారి, చెవి దగ్గరికి వంగి, మెల్లగా చదివింది. "మైదానంలోకి వచ్చాక నది నెమ్మదిస్తుంది."

ఆ వెంటనే ఆమె నోట్లోంచి, ఆమెకే తెలియకుండా, ఒక మాట జారింది.

"ఎందుకు?"

ఊపిరంత చిన్న మాట. అన్నాక ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

పిల్ల తల ఎత్తింది. "ఎందుకా? వాలు లేదు కాబట్టి!" అంది, ఎవరో వెక్కిరించినట్టు. "అబ్బా, ఇదా! అక్కా, ఆ మూడు కొట్టేయండి. సముద్రం దగ్గరనుంచి చెబుతాను. సముద్రం దగ్గర నది చీలిపోయి ఉంటుంది. ఎందుకు చీలింది? దారికి మట్టి అడ్డం పడింది. మట్టి అక్కడే ఎందుకు పడింది? నీటికి మోసే బలం తగ్గింది. ఎందుకు తగ్గింది..."

చేతులు ఒళ్లోంచి లేచాయి. బల్ల మీద నదిని గీస్తున్నాయి. ముత్యాలక్క రాస్తూనే ఉంది, అక్షరాలు ముత్యాలో మురుగో చూసుకోకుండా. ఆమె చూపు మాత్రం ఒక్కసారి కిటికీ వైపు వెళ్లింది. ఇన్విజిలేటరు దగ్గడం లేదు. ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు.

పేపరు ఇచ్చి లేవగానే అతను దగ్గరికి వచ్చాడు.

"మీరు మధ్యలో ఏదో చెప్పారు."

"చదివి వినిపించానండీ."

"చదివినది కాక. నేను చూశాను. అప్పటిదాకా ఉలుకూ పలుకూ లేని పిల్ల గడగడా చెప్పేసింది." అతని గొంతులో కోపం లేదు, అది ఆమెను ఇంకా భయపెట్టింది. "పైవాళ్లకు చెప్పకపోతే రేపు నా మీదికి వస్తుందమ్మా. సారీ."

ఇద్దరినీ పరీక్షల పెద్దసారు గదికి తీసుకెళ్లారు. పిల్లను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ముత్యాలక్కను లోపలికి పిలిచారు. పెద్దసారు ఒక తెల్ల కాగితం, పెన్ను ఆమె ముందుకు తోశాడు.

"జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టండి. మీ మాటల్లోనే."

మీ మాటల్లోనే. నాలుగేళ్లుగా ఆమె వేల మాటలు రాసింది. ఒక్కటీ తనది కాదు. పెన్ను పట్టుకుంది. మొదటి మాట రాలేదు. తల లోపల ఎవరో గుడ్డ పెట్టి తుడిచేసినట్టయింది. గోడ గడియారం, పెద్దసారు మోచెయ్యి, తెల్ల కాగితం. పాతికేళ్ల కిందటి గదికీ ఈ గదికీ మధ్య తలుపు లేదనిపించింది.

కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది మనసు. చదివి వినిపించాను, అంతే, అని రాస్తే చాలు. సాక్ష్యం అతని కళ్లు ఒక్కటే. పైగా దగ్గు మనిషి, కిటికీ దగ్గర కూర్చున్నవాడు. ఆ మాట రాస్తే పిల్ల బయటపడుతుంది. నిజం రాస్తే పేపరే కొట్టేయవచ్చు, రెండో ఏడు కూడా మట్టిలో కలుస్తుంది. కాని అబద్ధం రాశాక మళ్లీ ఎవరి పక్కనైనా కూర్చుని, "మీరు చెప్పండి, నేను చెప్పింది చెప్పినట్టు రాస్తాను," అని ఎలా అనగలదు?

"సార్, కొంచెం గాలికి వెళ్లొస్తాను," అంది.

బయట బెంచీ మీద ఎందుకమ్మ కర్రను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ముత్యాలక్క పక్కన కూలబడి చెప్పేసింది. "నేను ఒక మాట అన్నాను తల్లీ. ఎందుకు అని. అదే రాయబోతున్నాను. నీ పేపరు పోతుందేమో."

పిల్ల ఆమె వైపు తిరిగింది. "అది మీరన్నారా?" అంది. "నేను నాలో అనుకున్నాననుకున్నానే!" ఆ తర్వాత మెల్లగా అడిగింది. "రాయకుండా ఉంటే?"

"అప్పుడు నాకు ఇంక చేత్తో పెన్ను పట్టుకోవడానికి భయం వేస్తుంది."

"నాకూ భయంగానే ఉంది అక్కా. నాన్న ఇంక పంపించడు." విసుగ్గా, ముఖం అటు తిప్పుకుని అంది, "రాయండి. మీరు రాయకపోతే వాళ్లు నన్ను అడుగుతారు. నాకు అబద్ధం వరసగా చెప్పడం రాదు."

ముత్యాలక్క లోపలికి వెళ్లి కూర్చుంది. మొదటి మాట ఇంకా రాలేదు. అప్పుడు ఆమె మొదటి మాట కోసం వెతకడం మానేసింది. చివరినుంచి మొదలుపెట్టింది. "నేను 'ఎందుకు' అన్నాను." అది కాగితం మీద పడ్డాక వెనక్కి నడిచింది. ఎందుకు అన్నానంటే పిల్ల ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందంటే బట్టీ పట్టింది. ఎందుకు బట్టీ పట్టిందంటే నేను పట్టమన్నాను. ఆ జవాబులో మిగతా మాటలన్నీ పిల్లవే, ఒక్కటీ నాకు తెలియదు, నేను పదో తరగతి తప్పాను. ఒక పేజీ నిండింది. కింద హాజరు పుస్తకంలోని పేరు సంతకం చేసింది.

పెద్దసారు రెండుసార్లు చదివాడు. "యూనివర్సిటీకి పంపిస్తాను. వాళ్లు ఏమంటారో చూద్దాం," అన్నాడు.

ఫలితం ఆపేశారు. ఆ రెండు నెలలు ముత్యాలక్క ఎలా గడిపిందో ఆమెకే తెలుసు. షాపులో ఫోను మోగితే ఉలిక్కిపడేది. కవరు మీద రాసింది మూడుసార్లు సరిచూసుకునేది. "అమ్మా, అది దగ్గు మందు, వీలునామా కాదు," అని ఓనరు విసుక్కునేవాడు. భర్త నవ్వడం మానేశాడు. రోజూ సాయంత్రం షాపు కట్టేసే వేళకి వచ్చి, ఏమీ అడగకుండా పక్కన నడిచేవాడు. ఒకరోజు మాత్రం, "నువ్వు రాసింది తప్పు కాదు," అన్నాడు. "తప్పు కాదని తెలుసు. తెలిస్తే భయం పోతుందా?" అంది ఆమె.

రెండు నెలల తర్వాత పిల్లను పిలిపించారు. ముగ్గురు మాస్టర్ల ముందు కూర్చోబెట్టి ఆ పేపరులోని ప్రశ్నలే నోటితో అడిగారు. గది బయట టీచరమ్మ, ముత్యాలక్క నిలబడ్డారు. తలుపు సందులోంచి పిల్ల గొంతు వినపడుతోంది, మాటలు తెలియడం లేదు. నడుమ ఒకసారి నిశ్శబ్దం వచ్చింది. ముత్యాలక్క గోడ పట్టుకుంది. అంతలో లోపల ఒక మాస్టరు గొంతు, "మరి అది ఎందుకు?" అనడం, పిల్ల గొంతు అందుకోవడం వినిపించాయి. టీచరమ్మ ఆమె చెయ్యి నొక్కింది.

ఎందుకమ్మకు నలభై తొమ్మిది ఇచ్చారు. పాసైంది. ముత్యాలక్కకు విడిగా ఒక ఉత్తరం వచ్చింది. పరీక్ష గదిలో నిబంధన మీరినందుకు ఒక ఏడాదిపాటు ఎవరికీ పరీక్ష రాసిపెట్టరాదు. ఆమె దాన్ని కౌంటరు మీద పెట్టుకుని రెండుసార్లు చదివింది. ఏడాదిపాటు ఆ గది లేదు, ఆ గంట లేదు. హాయిగా ఉండాలి. కళ్లమ్మట నీళ్లు ఎందుకు వచ్చాయో ఆమెకు అర్థం కాలేదు.

ఆ ఏడంతా మధ్యాహ్నం బేరాలు లేని వేళ ఎందుకమ్మ షాపుకి వచ్చేది. కౌంటరు లోపలి పక్క ఖాళీ మందుల పెట్టె మీద కూర్చునేది. ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. పిల్ల ముందు తన దారిలోనే చివరినుంచి వెనక్కి చెప్పేది. ముత్యాలక్క ఒక్కో సంగతి ఒక్కో కవరు మీద రాసి, కవర్లను తిరగేసి మొదటినుంచి చదివి వినిపించేది. పరీక్షకు అలా పైనుంచి కిందికి చెప్పాలి. ఎక్కడైనా మరిచిపోతే కిందినుంచి ఎక్కి రావాలి. మొదట్లో గంట పట్టిన జవాబు పోను పోను ఇరవై నిమిషాలకు వచ్చింది. నడుమ ఎవరైనా చీటీతో వస్తే పాఠం ఆగేది. "నాలుగో కవరు దగ్గర ఉన్నాం," అని పిల్ల గుర్తు చేసేది. ఒకసారి ఎవరో పెద్దాయనకు మాత్రలతోపాటు "వర్షం పడనందువల్ల" అని రాసిన కవరు వెళ్లిపోయింది. ఆయన మర్నాడు వచ్చి, ఇది తిన్న తర్వాతా, తినక ముందా అని అడిగాడు.

ఆ ఏటి ఆఖరి పరీక్ష రోజున ఎందుకమ్మ పక్కన వేరే ఆమె కూర్చుంది. ముత్యాలక్క షాపులోనే ఉంది. తొమ్మిదిన్నర అయ్యేసరికి అరచేతులు చల్లబడ్డాయి. ఒక్క మాత్ర కూడా లెక్క తప్పకూడదని ప్రతి చీటీ పైకి చదువుకుంటూ ఇచ్చింది. పదకొండు, పన్నెండు. పిల్ల ఎక్కడో ఆగిపోయి ఉంటుందని, పక్కన కూర్చున్నావిడ వంగి చదువుతోందో లేదో అని, ఊహించుకుంటూ గడియారం వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడింది. రెండింటికి ఫోను మోగింది.

"అయిపోయిందక్కా. ఒక ప్రశ్న వదిలేశాను. టైము లేదు."

"మిగతావి?"

"చెప్పాను. రెండు చోట్ల ఆగాను. మళ్లీ వచ్చాను. గొంతు పోయింది, ఆకలిగా ఉంది, వెళ్లి తిని పడుకుంటాను. మీరు తిన్నారా?"

తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఫోను పెట్టేసి స్టూలు మీద కూర్చుని, బిగబట్టిన చేతులు కాసేపు ఒకదాంతో ఒకటి రుద్దుకుంది. కౌంటరు అవతల ఒక తల్లి చంటిపిల్లను భుజాన వేసుకుని చీటీ చాపి నిలబడి ఉంది. జ్వరం మందు. ముత్యాలక్క పెన్ను తీసింది.